తొమ్మిదో ప్రశ్న వెనకవైపు

మార్చి 11

మహారాజశ్రీ అక్కగారి దివ్యసముఖానికి,

ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, నిన్న ఉదయం పదిన్నరకు మన సైకిల్ షాపులో నీళ్ల తొట్టి మార్చబడినది. పదకొండేళ్లు పంచర్లు చూసి చూసి అడుగు ఊడిపోయిన ఆకుపచ్చ తొట్టి పదవీ విరమణ చేసింది. నీలం తొట్టి బాధ్యతలు స్వీకరించింది. సభకు నేనూ, ఒక చిల్లుపడ్డ ట్యూబూ హాజరయ్యాం. ట్యూబు నాలుగు బుడగలు వదిలి ప్రసంగించింది. నేను చప్పట్లు కొట్టాను. సభ ముగిసింది.

ఇక నువ్వు పురమాయించిన పని. "మీ ఎదురు కాలేజీలో బిజినెస్ స్టడీస్ పరీక్ష ఉంది, రాసి బయటికొచ్చిన పిల్లలు ఏమనుకుంటున్నారో విని రాయి, ఎందుకని అడక్కు" అన్నావు కదా. అడగలేదు. ఒంటిగంటకి గేటు తీశారు. నేనొక చక్రం ఒళ్లో పెట్టుకుని స్పోకులు బిగిస్తున్నట్టు నటిస్తూ చెవులు రెండూ రోడ్డు మీద పారేశాను.

మొదట ఇద్దరు పొడుగు కుర్రాళ్లు వచ్చారు.

"తొమ్మిదికి ఏం రాశావురా?"

"మూసేయమని రాశా."

"నేనూ మూసేయమనే. అమ్మేసి టీకొట్టు పెట్టుకోమని కూడా రాశా. సలహా అడిగాడుగా."

"దూరదృష్టి లేదని రాశావా లేదా? అది ఎక్కడ చల్లినా ఒక మార్కు రాలుతుంది."

"దూరదృష్టి రాశా, సమన్వయం రాశా, నియంత్రణ రాశా. ఏ ప్రశ్నకి ఏది రాశానో మాత్రం అడక్కు."

అని తలెత్తి నన్ను చూశారు. చూసి ఆగిపోయారు. ఒకడు ఇంకొకడిని మోచేత్తో పొడిచాడు. "బాబాయ్, ఇక్కడ గాలి ఊరికే కొడతారు కదా?" అన్నాడు. "గాలి ఊరికే, తిట్లు కూడా ఊరికే. ఏది కావాలి?" అన్నాను. వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. వెనకాల వచ్చిన గుంపు కూడా నన్నే చూసి నవ్వింది. ఒక పిల్లాడైతే నా భుజం తట్టి "ధైర్యంగా ఉండు బాబాయ్" అని వెళ్లాడు. మన చుట్టాల్లో ఎవరైనా పోయారా, నాకు చెప్పలేదా?

ఇంకా జరిగినవి రాస్తాను, గుండె చిక్కబట్టుకో. ఒక అమ్మాయి గేటు దాటగానే కళ్లు తిరిగి పడిపోయింది. కొత్త తొట్టిలో నీళ్లు చల్లితే లేచి "ఇది ఏ చాప్టర్?" అంది. తరగతిలో ఎప్పుడూ ఫస్టొచ్చే కుర్రాడు కోపం పట్టలేక హాల్ టికెట్ నమిలి మింగేశాడు. ఒక బొద్దుగా ఉన్న అబ్బాయి ప్రశ్నపత్రంతో విసురుకుంటూ వచ్చాడు. విసురుకుంటుంటే వెనకవైపు కనబడింది. "వెనకాల కూడా ఉందా!" అని రోడ్డు మీదే చతికిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు తమ కాగితాలు తిప్పి చూసుకున్నారు. అందరూ ఒకేసారి "అమ్మో" అన్నారు. బడిలో ప్రార్థన కూడా అంత కలిసి పాడి ఉండరు.

చివర్లో కళ్లజోడు పిల్ల వచ్చింది. రోజూ నా దగ్గర గాలి కొట్టించుకునే పిల్ల, ఈ పరీక్ష మూడోసారి రాస్తోంది. వాళ్ల నాన్న ఇదే ఆఖరిసారి అన్నాడట. ఎప్పుడూ ముఖం వేలాడేసుకుని వచ్చేది, నిన్న మాత్రం "ఈసారి పోదు బాబాయ్" అని నవ్వి వెళ్లింది.

ఇదీ నివేదిక. బావగారి తుమ్ములు తగ్గాయా?

నీ విధేయుడు, నమ్మకస్తుడు (రెంటిలో ఒకటే నిజం),
తమ్ముడు


మార్చి 14

ఒరేయ్,

బావగారి తుమ్ముల సంగతి నాకు తెలియదు. నేను ఇంట్లో లేను. పేపర్లు దిద్దే క్యాంపులో ఉన్నాను, నీకిచ్చిన చిరునామా దీనిదే. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు, నెలాఖరు దాకా ఇవ్వరు. ఉత్తరాలే దిక్కు. పెద్ద హాలు, పొడుగు బల్లలు, ఎర్ర పెన్నులు, నలభై మంది లెక్చరర్ల దగ్గులు. ఇక్కడికే రాయి.

ఎందుకని అడగొద్దన్నాను, ఇప్పుడు చెబుతున్నాను. ఆ ప్రశ్నపత్రం నేనే తయారు చేశాను. పోయినేడు నేనిచ్చిన పేపర్ చూసి పిల్లలు ఏడ్చారని పత్రికలో వేశారు గుర్తుందా? పై అధికారి పిలిచి, ఇంకొక్క ఫిర్యాదు వస్తే పేపర్లు తయారుచేసేవాళ్ల జాబితాలోంచి మీ పేరు తీసేస్తాం మేడమ్ అన్నాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి పాఠం చెబుతున్నాను. నేను అడిగే ప్రశ్నలు వాళ్లకి అందవు అని తేలితే ఇక నేను చెప్పిందేమిటి? అందుకే నిన్ను వినమన్నాను. బుద్ధి గడ్డి తిని నిన్ను వినమన్నాను.

నీ ఉత్తరంలో సగం అబద్ధమని నాకు తెలుసు. నువ్వు ఏడో తరగతి ఎలా ఆపేశావో మర్చిపోలేదు. ప్రోగ్రెస్ కార్డు మీద "ఈ విద్యార్థికి నేర్పడానికి ఇక మా వద్ద ఏమీ మిగల్లేదు" అని రాసి హెడ్మాస్టరు సంతకం నువ్వే గీకేశావు. నాన్న మురిసిపోయి ఆయన దగ్గరికే తీసుకెళ్లాడు. ఆయన చదివి, రాసింది నిజమేనన్నాడు. అంతటితో నీ చదువు సరి.

కాబట్టి సగం తీసేసి చదివాను. హాల్ టికెట్ మింగడం నీ సృష్టి. వెనకవైపు చూడకుండా వచ్చేశారన్నదీ నీదే, అంత మంది ఒకేసారి పేజీ తిప్పడం మరచిపోరు. పైగా ఆ పేజీ అడుగున "పేజీ తిప్పండి" అని నా చేత్తో రాసిచ్చాను. కళ్లు తిరిగి పడిపోయిన అమ్మాయి విషయం మాత్రం నిజంలాగే ఉంది, అలాంటివి జరుగుతాయి. ఎవరా అమ్మాయి? ఏ ప్రశ్న దగ్గర భయపడిందట? తొమ్మిదా? వెంటనే రాయి. నాకు ముద్ద దిగడం లేదు.

ఇంకో మాట. ఆ పేపర్ ఎక్కడైనా దొరికితే చదవొద్దు. నీకు అర్థం కాదు.

నీ అక్క


మార్చి 18

శ్రీమతి ప్రశ్నపత్ర నిర్మాత అక్కగారికి,

చదవొద్దన్నావు కాబట్టి చదివాను. ఆ బొద్దబ్బాయి సైకిల్ చైను ఊడితే వచ్చాడు. చైను వాడే ఎక్కించుకున్నాడు, చేతికైన నూనె ప్రశ్నపత్రానికి తుడుచుకుని ఒక సగం చింపి ఇక్కడే పారేసి పోయాడు. నూనె మరకల సందున నన్ను నేను చూసుకున్నాను. నీకు గుర్తులేకపోతే మళ్లీ రాస్తున్నాను:

"9. ఒక వ్యక్తి ఇరవై రెండేళ్లుగా సైకిల్ రిపేరు షాపు నడుపుతున్నాడు. షాపుకు బోర్డు లేదు. వేళలు లేవు. గాలి ఉచితంగా కొడతాడు. వచ్చినవారిని ఆటపట్టిస్తాడు. ఇటీవల పక్క వీధిలో పెద్ద షాపు వచ్చింది. (అ) ఈ వ్యాపార నిర్వహణలోని లోపాలు నాలుగు రాయండి. 2 మార్కులు. (ఆ) యజమానికి మీరిచ్చే సలహా ఏమిటి? 2 మార్కులు."

అక్కా, చదివి పడీ పడీ నవ్వాను. రెంచి పక్కన పెట్టి మరీ నవ్వాను. నాలుగే లోపాలా? వాటికి రెండే మార్కులా? నా లోపాలు అంత చవగ్గా దొరుకుతున్నాయా? ఇంట్లో నన్ను తిట్టేటప్పుడు పదికి తగ్గేదానివి కాదే. ఆ పిల్లలందరూ మూడు గంటలు చెమటలు కక్కుతూ నేను ఎందుకు పనికిరానో రాస్తుంటే, నేను ఎదురుగా కూర్చుని వాళ్ల సైకిళ్లకే గాలి కొట్టాను. కిటికీ పక్క సీటు వచ్చినవాడికి లోపం కళ్లెదుటే కనబడి ఉంటుంది, చూసి రాసేసుకుని ఉంటాడు. భుజం తట్టిన కుర్రాడి మీద కూడా ఇప్పుడు గౌరవం పెరిగింది.

ఆ తర్వాత రెండు రోజులు షాపు తీయలేదు. జ్వరం. దీన్ని "వేళలు లేవు" కింద వేసుకో.

ఇక నువ్వడిగిన వివరాలు. కళ్లు తిరిగిన అమ్మాయిది తొమ్మిదో ప్రశ్నే. మంచం దిగలేదట. "సైకిల్... సైకిల్..." అని కలవరిస్తోందట. ఇంకా పెద్ద కబురు: పిల్లలంతా కలిసి ఫిర్యాదు రాశారు. రెండు వందల పన్నెండు సంతకాలు. తొమ్మిదో ప్రశ్న మా పుస్తకంలో లేదు, మా బుర్రలోనూ లేదు, రద్దు చేయాలి అని. బాధితుల సంఘానికి నన్నే అధ్యక్షుణ్ణి చేశారు, నాకన్నా బాధితుడు ఎవడున్నాడు? నేను నల్లగా నూనె పూసి బొటనవేలి ముద్ర వేశాను. వచ్చే సోమవారం పై అధికారికి పంపుతాం. నీకు నకలు కావాలా?

లోపాలు నాలుగు, మార్కులు రెండు,
నీ తమ్ముడు


మార్చి 21

తమ్ముడూ,

నకలు అక్కర్లేదు. ఆ ఫిర్యాదు వచ్చేలోపు నేనే వెళ్లి పై అధికారికి చెప్పేశాను. ఆయన ముందు నిలబడి "సార్, తొమ్మిదో ప్రశ్న మీద పిల్లల్నుంచి ఫిర్యాదు వస్తోంది, తప్పు నాది" అన్నాను. కూర్చోమని కూడా అనలేదు.

నువ్వు కల్పించావేమో అని ఒక పూట ఆలోచించాను. కానీ ఇక్కడ బల్లల మీద జవాబు పత్రాలే చెబుతున్నాయి. సగం మంది తొమ్మిదిలో మూడో భాగం ముట్టనే లేదు. అసలు ప్రయత్నమే చేయలేదు. పక్క బల్ల పెద్దాయన "భయపడి వదిలేశారమ్మా, మరీ లోతుగా అడిగావు" అన్నాడు. నీ ఉత్తరమూ అదే చెబుతోంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇరవై ఏడున కమిటీ కూర్చుంటుంది. తొమ్మిదో ప్రశ్న మొత్తం కొట్టేసి మిగతా తొంభై మార్కులకే లెక్క కడతారట. ఎవరు ఏం రాసినా ఆ పది మార్కులు ఉండవు. నా పేరు కూడా ఇక జాబితాలో ఉండదు.

ఇప్పుడు నీ సంగతి. షాపు నీదే. ఒప్పుకుంటున్నాను, నీకు ముందే చెప్పాల్సింది. కానీ నువ్వు రాసిపంపిన దాంట్లో (అ), (ఆ) తప్ప లేవు. నాలుగు మార్కులే ఉన్నాయి. మిగతా ఆరు మార్కులు ఏమయ్యాయో నీకు అనుమానం రాలేదా? నీకు దొరికింది సగం కాగితం. రెండో సగం చదివావా? చదవకుండానే రెండు రోజులు అలిగి పడుకున్నావా? జ్వరమని నాకు చెప్పకు.

నేను ఇన్నేళ్లలో తయారుచేసిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది అదొక్కటే. అది పోతోంది.

అక్క


మార్చి 23
రిజిస్టర్డ్ పోస్టు

అక్కా,

మర్యాదలు తర్వాత. ఈ ఉత్తరం అందిన వెంటనే కమిటీ వాళ్లకి చూపించు. గీత గీశాను, దాని పైదాకా వాళ్లకి. గీత కింద నీకు. మడిచి చూపిస్తావో చించి చూపిస్తావో నీ ఇష్టం.

కమిటీలోని పెద్దలకు దండం పెట్టి రాస్తున్నాను. నేను సైకిల్ రిపేరు చేసేవాణ్ణి, తొమ్మిదో ప్రశ్నలో ఉన్నవాణ్ణి. ఏ ఫిర్యాదూ లేదు. రెండు వందల పన్నెండు సంతకాలు లేవు, ఒక్కటీ లేదు, సంఘం లేదు, నేను అధ్యక్షుణ్ణీ కాదు. అదంతా మా అక్కని ఏడిపించడానికి నేను అల్లాను. కళ్లు తిరిగి పడిపోయిన అమ్మాయిని కూడా నేనే పుట్టించాను, నేనే పడేశాను, నేనే నీళ్లు చల్లాను. హాల్ టికెట్ ఎవరూ తినలేదు.

మా అక్క నమ్మనిది ఒకటుంది, అది మాత్రం జరిగింది. పిల్లలు కాగితం వెనక చూడలేదు. నా కళ్లతో చూశాను, ఇరవై మందికి తక్కువ కాకుండా గేటు బయట కాగితాలు తిప్పి నోళ్లు వెళ్లబెట్టారు. ఎందుకో కూడా ఇప్పుడు తెలిసింది. ఇందులో పెట్టిన కింది సగం కాగితం చూడండి, దాని వెనక ఖాళీ. అడుగున అంచు దాకా చూడండి. మా అక్క తన చేత్తో రాసిచ్చానంటున్న "పేజీ తిప్పండి" అక్కడ లేదు. అచ్చులో ఎగిరిపోయింది. నూనె మరక కింద దాగుందేమో అని కిరోసిన్ గుడ్డతో తుడిచాను, లేదు. మీరంతా ఆ ప్రశ్న తెలిసినవాళ్లు, చేత్తో పట్టుకోగానే తిప్పేస్తారు. పిల్లలకి తెలియదు. వాళ్లు భయపడి వదిలేయలేదయ్యా, అక్కడ ప్రశ్న ఉందని తెలియక వదిలేశారు. వాళ్లకి ఏదో ఒక దారి చూపించండి. కానీ తిప్పి చూసి రాసినవాళ్లు ఏం పాపం చేశారు?

ఈ పొద్దున కళ్లజోడు పిల్ల గాలికి వచ్చింది. మూడోసారి రాసిన పిల్ల, ఇది పోతే వాళ్ల నాన్న ఇక చదివించడు. మంచి హుషారులో ఉంది. "బాబాయ్, నీ పుణ్యమా అని గట్టెక్కాను" అంది. "నా లోపాలు బాగా రాశావా?" అన్నాను. "అవి నాలుగే కదా, అసలుది వెనకాల ఉంది" అని సంచిలోంచి పూర్తి కాగితం తీసింది. వెనకవైపు పైన ఉన్నది నాకు చదివి వినిపించింది.

"(ఇ) అయినప్పటికీ ఈ షాపు ఇరవై రెండేళ్లుగా ఎందుకు మూతపడలేదు? కారణాలు వివరించండి. 6 మార్కులు."

"ఏం రాశావమ్మా?" అన్నాను. అది వేళ్లు మడుస్తూ చెప్పింది. గాలి ఊరికే కొడతాడు కాబట్టి జనం రోజూ ఆగుతారు, రోజూ ఆగేవాళ్లు సైకిల్ పాడైనప్పుడు పక్క వీధికి పోరు. బోర్డు లేకపోయినా ఎవర్నడిగినా దారి చెబుతారు. ఆటపట్టిస్తాడని కొందరు బాగున్న సైకిల్ కూడా తెచ్చి నిలబెడతారు. బాగుపడని దాన్ని బాగుపడదని మొహం మీదే చెబుతాడు. షాపు మూసి పోయినా పంపు బయటే పెట్టి పోతాడు, ఎవరి గాలి వాళ్లు కొట్టుకుంటారు. ఆరోది, యజమాని మనసు వెన్న.

అప్పుడు చెప్పాను, ఆ ప్రశ్న తీసేస్తున్నారట అని. నా నోటితోనే చెప్పాను, నావల్లే అని కూడా చెప్పాను. ఆ పిల్ల నన్ను తిట్టలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ముందు చక్రానికి కొట్టాను, వెనకదానికి కొట్టేలోపే ఎక్కి వెళ్లిపోయింది. మెత్తటి టైరు మీద సగం వీధి దాకా పోయి దిగి నడిపించుకుంటూ పోయింది. "రా అమ్మా, కొడతాను" అని అరిచాను. తిరిగి చూడలేదు.

పెద్దలు ఆ ప్రశ్న కొట్టేయొద్దు. కొట్టేయాల్సింది నా మాటలు. మా అక్క పిల్లలకి అందని ప్రశ్న అడగలేదు. కావాలంటే ఈ ఉత్తరం పట్టుకుని నన్ను పిలిపించండి, షాపు మూసి వస్తాను. అది ఎలాగూ నాకు అలవాటని ప్రశ్నలోనే ఉంది.

ఇట్లు, సైకిల్ రిపేరు మనిషి (ఈసారి నిజం సంతకం, వేలిముద్ర కాదు)

―――――――――

ఇక్కణ్ణుంచి నీకు.

అక్కా, జ్వరం రాలేదు. రెండు రోజులు లోపల షట్టర్ దించుకుని కూర్చున్నాను. బయట ఎవరెవరో వచ్చి పంపు కొట్టుకుని పోతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను, అంతే. పడీ పడీ నవ్వానని రాశాను చూడు, అదీ కల్పితమే. ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. మా అక్క ఇన్నేళ్లు నన్ను ఇలా చూస్తోందా, చూసి ఊరంతటికీ అచ్చేయించిందా అనుకున్నాను. ఆ కోపంలోనే సంతకాలన్నీ పుట్టుకొచ్చాయి. నాలుగు మార్కులే ఉన్నాయని నాకు నిజంగానే తట్టలేదు. ఏడో తరగతి వాడికి కూడిక అంతకన్నా రాదు.

వెనక నువ్వు ఏం అడిగావో ఆ పిల్ల చదువుతుంటే నాకు కాసేపు పక్కకి తిరగాల్సొచ్చింది. చైను కవరు వెతుకుతున్నట్టు తిరిగాను.

నీ పేరు జాబితాలోంచి తీసేస్తే, తీసినవాణ్ణి నా దగ్గరికి పంపు. ఉత్తరం రాసి ఏడిపిస్తాను.

గీత పైన ఇంకొక అబద్ధం మిగిలిపోయింది. ఎంత ఆపుకున్నా చెయ్యి ఊరుకోలేదు. కమిటీకి చూపించేముందు దాన్ని కొట్టేయి, లేకపోతే పాపం ఆ పిల్ల రాయనిదానికి మార్కు వేస్తారు. ఆ పిల్ల అయిదు కారణాలే చెప్పింది. ఆరోది నేను కలిపాను.

నీ తమ్ముడు